మస్టర్‌లో లచ్చయ్య

కరీంనగర్ బస్టాండులో పొద్దున ఐదూ నలభైకి పెద్దపల్లి బస్సు ఎక్కాను. ఎక్కిన పది నిమిషాల్లో రెండుసార్లు సీటు మార్చాను. కిటికీ పక్కన చలి కొడుతోందని ఇవతలికి వచ్చాను. ఇవతల వచ్చేపోయేవాళ్ల సంచులు తగులుతున్నాయని మళ్లీ కిటికీ దగ్గరికే పోయాను. వెనక సీట్లో ఉన్న పెద్దాయన ఉండబట్టలేక, "ఏం చెల్లె, సీట్ల ముండ్లున్నయా?" అని అడిగాడు. ముండ్లు సీట్లో లేవు, నేను పోతున్న పనిలో ఉన్నాయి. ఆయనకేం చెప్పను, నవ్వి ముందుకు తిరిగాను.

కండక్టర్ నా ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఊళ్లు తిరగడానికి సాకులు చెప్పుకునే పని లేదు. కానీ ఈ ప్రయాణం మాత్రం తొమ్మిది నెలలుగా వాయిదా వేస్తూ వచ్చాను. జాకెట్లు కుట్టే దుకాణం నాది. పండుగల గిరాకీ అని ఒకసారి, పెళ్లిళ్ల గిరాకీ అని ఒకసారి తప్పించుకున్నాను. ఈసారి కార్తీకం సగం కాగానే దుకాణానికి తాళం వేసి, మూడు రోజులు రానని చాక్‌పీసుతో షట్టర్ మీద రాసి వచ్చేశాను.

ఎందుకు వెళ్తున్నానో ముందే చెప్పేస్తాను. మా బాపు పేరు పోశయ్య. బెల్లంపల్లి బొగ్గుబాయిలో బొగ్గు నింపే పనిలో చేరి, ముసలయ్యేదాకా చేశాడు. కానీ నా బడి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు లచ్చయ్య అని ఉంటుంది. బాయి పనికి పిలుపు వచ్చింది జగిత్యాల దగ్గరున్న మా సొంతూరి నేతపని లచ్చయ్యకు. ఆయన మూడు రోజులు దిగి, భూమి లోపలి చీకటికి జడుసుకుని మగ్గం దగ్గరికి తిరిగొచ్చాడు. నాలుగో రోజున ఆయన పేరు మీద మా బాపు దిగాడు. అప్పట్లో అది వింత కాదు, మారుపేరు అనేవారు. పని చేసేవాడు ఒకడు, హాజరు పట్టీలో పేరు ఇంకొకడిది. ఆ పట్టీనే బాయి దగ్గర మస్టర్ అంటారు. బయటపడితే పని పోతుందని రెండిళ్లవాళ్లూ నోరు కుట్టుకున్నారు.

తర్వాత సమ్మెల కాలం వచ్చింది. బెల్లంపల్లిలో కార్మికుల ఇళ్లు ఖాళీ అయ్యాయి, సమ్మె చేసినవాళ్లు సొంత ఊళ్లకు పోయి దాక్కున్నారని పోలీసులు అనుకున్నారు. మస్టర్ చూసి పేరూ, తండ్రి పేరూ, ఊరి పేరూ రాసుకుని జీపుల్లో బయల్దేరారు. మా ఊళ్లో ముగ్గుర్ని పట్టుకుపోయారు. ఇద్దరు బాయి కార్మికులు. మూడోవాడు మగ్గం మీద కూర్చుని ఉన్న లచ్చయ్య. ఆ కార్మికులిద్దరూ తిరిగి రాలేదు. లచ్చయ్య ఏడు నెలలకు తిరిగి వచ్చాడు. బతికి వచ్చాడు గనుక పేర్లు చెప్పి వచ్చాడని ఊరు అనుకుంది. ఏడాది తిరక్కుండా ఆయన ఊరు విడిచి పోయాడు.

మా బాపు పోయిన మాఘంలో మా ఇంట్లోనే కన్నుమూశాడు. చివరి వారంలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పాడు. "పోలీసోల్లు మస్టర్ చూస్కొని ఊరికి పోతున్నరని నాకు ముందే ఎర్కయింది బిడ్డా. లచ్చన్నకు కబురు పెట్టలే. ఆడు ఉంటే పోయి చెప్పు." తర్వాత మా ఊరి గ్రంథాలయంలో ఆ చనిపోయిన ఇద్దరి ఫొటోల పక్కన బాపు ఫొటో పెట్టారు. సమ్మెలో నిలబడ్డ మనిషి అని పొగిడారు. దండ వేసింది నేనే.

పెద్దపల్లి స్టేషన్‌కు ఏడు గంటలకల్లా చేరాను. ప్యాసింజర్ నలభై నిమిషాలు ఆలస్యం. ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ తిన్నాను. ఈ దారిన వచ్చేవాళ్లు టిఫిన్ ఇక్కడే కానివ్వండి, రైల్లో పల్లికాయలు తప్ప ఏమీ దొరకవు. రైల్లో నా ఎదురుగా మంచిర్యాలలో దిగే ఒకావిడ కూరగాయల మూటతో కూర్చుంది.

"బెల్లంపల్లిల ఎవలున్నరు?" అని అడిగింది.

"మా బాపు బాయిల పని చేసిండు."

"ఇప్పుడేం బాయిలున్నయి అక్కడ? అన్ని మూసుడే. మా ఆయన తమ్ముడు పని లేక హైదరాబాద్ల వాచ్‌మన్ అయిండు," అని, అడక్కుండానే నా ఒళ్లో రెండు జామకాయలు పెట్టింది. గోదావరి వంతెన మీద అందరూ కిటికీల వైపు వంగారు, నేను మాత్రం వాచీ చూసుకున్నాను. దగ్గరవుతున్నకొద్దీ తిరిగిపోదామన్న బుద్ధి గట్టిపడింది.

తొమ్మిదిన్నరకు బెల్లంపల్లిలో దిగాను. నేను పుట్టి పెరిగిన ఊరు. నా చిన్నప్పుడు షిఫ్టు మారే వేళ ఈ రోడ్డు మీద నల్లని మనుషులు తప్ప వేరే రంగు కనిపించేది కాదు. ఇప్పుడు అదే రోడ్డు మీద మొబైల్ దుకాణాలు, బిర్యానీ హోటళ్లు. పాత కార్మికుల ఇళ్లలో సగానికి తలుపులు లేవు.

నేను వెతుక్కుంటూ పోయింది యూసుఫ్ చాచా ఇంటికి. ఆయన బాయి మీద దీపాల గదిలో పని చేసేవాడు. లోపలికి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఆయనకిచ్చి తలదీపం తీసుకోవాలి, పైకి వచ్చాక దీపమిచ్చి బిళ్ల తీసుకోవాలి. ఏ బిళ్ల మేకుకు వేలాడుతుంటే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నట్టు లెక్క. ఎనభై దాటినా చాచా నన్ను గుర్తుపట్టాడు.

"పోశన్న బిడ్డవు గదా! రా రా, లోపల్కి రా," అని కుర్చీ లాగాడు. కోడలు చాయ్ తెచ్చింది. ఆయన మాట ఎక్కడెక్కడికో పోయింది. వాళ్ల నాన్న లడాయి కాలంలో, అంటే రెండో ప్రపంచయుద్ధం నాడు, ఇక్కడికి వచ్చాడట. సిపాయిల రైళ్లకు బొగ్గు కావాలని పగలూ రాత్రీ తవ్వించేవారట. "పని ఇడిసిపెట్టి పోతే పట్కొచ్చి మళ్ల దించేటోళ్లట బిడ్డా. లడాయి ఎక్కడ్నో, దెబ్బలు ఇక్కడ," అన్నాడు.

నేను బాపు చెప్పిన మాట చెప్పాను. చాచా చాయ్ కప్పు కింద పెట్టేశాడు.

"గా కబురు మీ బాపుకు జెప్పింది నేనే. పోలీసోల్లు ఆఫీసుల మస్టర్ కాపీ రాస్కున్నరని నాకు ఎర్కయింది. షామ్ కా టైమ్, పొద్దుగూకంగ ఐదు గొట్టింది. పోశన్నా, ఆరింటికి బండి ఉన్నది, పోయి లచ్చన్నను తప్పించమన్న. సరే అన్నడు, స్టేషన్ దిక్కు నడిచిండు కూడా. నేను పోయిండే అనుకున్న. తెల్లారి సూస్తే ఇక్కడ్నే ఉన్నడు."

"ఎందుకు పోలేదు చాచా?"

"భయ్యం. ఇంకేముంటది? స్టేషన్ల పోలీసులు ఉండె. నేను అడగలే, ఆయన చెప్పలే. ముప్పై ఏండ్లు రోజు దీపం ఇచ్చిన, గా మాట మాత్రం మాట్లాడుకోలే."

మాఘంలో బాపు పోయినప్పుడు పెన్షన్ తీసుకునే పాత కార్మికులంతా కూడి, మస్టర్‌లో ఉన్న లచ్చయ్య పేరే చదివి రెండు నిమిషాలు నిలబడ్డారని కూడా చెప్పాడు. లోపలికి పోయి బాపు నంబరున్న ఇత్తడి బిళ్ల తెచ్చి నా చేతిలో పెట్టాడు. బాపు రిటైరైన రోజున దాచిపెట్టాడట. లచ్చయ్య ఎక్కడున్నాడో ఆయనకు తెలుసు. నాలుగేళ్ల కిందట ఆదిలాబాద్‌లో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు, పత్తి మిల్లుల దగ్గర కనిపించాడట. "నన్ను సూసి మొఖం తిప్పుకున్నడు. ఫికర్ జేయకు, నువ్వు పో. ఆడిబిడ్డవు, నిన్నేమనడు," అన్నాడు. ఆ మాటతో నాకు ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది.

మంచిర్యాల వైపు వెనక్కి పోయి పెద్ద బస్సు పట్టుకోవచ్చు. కానీ ఆగి ఎదురుచూడడం నా వల్ల కాదు. ముందు ఏది కదిలితే అది ఎక్కుదామని రెండు గంటలకు ఆసిఫాబాద్ బస్సు ఎక్కాను. నాలుగు గంటలకు ఆసిఫాబాద్. ఆదిలాబాద్ బస్సు ఇక పొద్దునే అన్నారు. బస్టాండుకు దగ్గర్లో నాలుగు వందలకు గది దొరికింది. ఒంటరి ఆడమనిషి అనగానే కౌంటర్ దగ్గరి మనిషి ఆధార్ అటూ ఇటూ తిప్పి, తండ్రి పేరు రాయమని రిజిస్టర్ నా వైపు తోశాడు. పెన్ను పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో, "ఏందమ్మా, బాపు పేరు యాది లేదా?" అన్నాడు. లచ్చయ్య అని రాశాను. అలవాటు. రాశాక నా మీద నాకే అసహ్యం వేసింది. రాత్రి జొన్నరొట్టె, పప్పు తెప్పించుకున్నాను కానీ సగం కూడా దిగలేదు.

మర్నాడు ఆరున్నరకు బస్సు. కెరమెరి ఘాట్ ఎక్కేటప్పుడు అటూ ఇటూ మంచు, టేకు చెట్లు, మధ్యలో తెల్లగా పత్తి చేలు. ఈ దారి కోసమైనా ఒకసారి రావాలి మీరు, కిటికీ సీటే తీసుకోండి. జైనూర్ దాటాక ఒక చోట బస్సు ఆపి ఇద్దరు కానిస్టేబుళ్లు ఎక్కారు. ఒకడు పైన ఉన్న సంచులు తడిమాడు, ఒకడు ఊరికే ముఖాలు చూశాడు. నిమిషంలో దిగిపోయారు. బస్సు కదిలాక, నా పక్కన ఉన్న గోండు ముసలమ్మ నా మణికట్టు వదిలింది. ఎప్పుడు పట్టుకుందో నాకూ తెలియలేదు.

"ఇప్పుడు మంచిగున్నది. మునుపైతే అందర్ని దించి ఎండల నిలవెడుతుండె," అంది. ఉట్నూరులో దిగేటప్పుడు, "నువ్వు గింత పరేషాన్‌గ ఉన్నవు, దవాఖానకా?" అని అడిగింది. కాదు, ఒకాయన్ను చూడడానికి అన్నాను. "అయితే తిని పో. ఆకలితోని పెద్ద మాట మాట్లాడొద్దు," అని దిగిపోయింది.

పదకొండు దాటాక ఆదిలాబాద్ చేరాను. ముసలమ్మ మాట విని పూరీ తిన్నాను. పత్తి వచ్చే కాలం కదా, మార్కెట్ రోడ్డంతా ట్రాక్టర్లూ వ్యాన్లూ వరస కట్టి ఉన్నాయి. తెలుగూ మరాఠీ కలిసి వినిపిస్తున్నాయి. గాలిలో దూది నూగు ఎగురుతోంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన ముసలాయన ఎవరైనా ఉన్నారా అని మూడు మిల్లుల గేట్ల దగ్గర అడిగాను. నాలుగో చోట చాయ్ కొట్టు ఆమె, "వత్తుల తాతనా? బసా బసా, కూసో, చాయ్ తాగి పో. గా రేకుల ఇల్లే," అని చూపించింది.

ఇంటి ముందు అరుగు మీద ఆయన కూర్చుని ఉన్నాడు. పక్కన తట్టలో దూది. కొంచెం దూది తీసి తొడ మీద పెట్టి, అరచేత్తో ఒక్కసారి ముందుకు రుద్దితే దీపం వత్తి అవుతోంది. వేళ్లు వాడడం లేదు. కుడిచేతి వేళ్లు మూడు పక్కకు తిరిగి ఉన్నాయి. తెగిన పోగును పట్టి ముడి వేయాలంటే వేళ్లే కదా కావాలి. ఆయన మగ్గం ఎందుకు మానేశాడో చూడగానే అర్థమైంది.

"ఎవలమ్మా?"

"బెల్లంపల్లి పోశయ్య బిడ్డను కాకా. సుగుణను."

చెయ్యి ఆగలేదు. ఇంకో రెండు వత్తులు అయ్యాయి.

"పోశడు ఉన్నడా?"

"లేడు. మాఘంల పోయిండు."

"అయితే మస్టర్ల లచ్చయ్య పోయిండన్నట్టు," అన్నాడు. కూర్చోమని చెప్పలేదు, నేనే కూర్చున్నాను. తట్టలో దూది సర్ది, నా వైపు తిరిగి అడిగాడు. "నేను బాయిల ఏమేం జేసిన? నా పేరు మీద ఏం నడిచింది, చెప్పు ఇందాం."

ఎగతాళి అనుకున్నాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు. చెప్పాను. మొదట బాపు బొగ్గు నింపాడు, తర్వాత పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని చేశాడు. ఒకసారి కాలు విరిగింది. ఒకసారి పైకప్పు కూలితే ఒక మనిషిని లాగి బతికించాడు, దానికి లచ్చయ్య అని పేరు చెక్కిన స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు.

"డబ్బా ఉన్నదా?"

"మా ఇంట్ల ఉన్నది."

"మాఘంల పోయినంక ఏమైంది?"

"పాత కార్మికులంత కలిసి నీ పేరు చదివి రెండు నిమిషాలు నిలవడ్డరట."

"నాకా?" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగేసరికి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇక ఆగితే చెప్పలేనని తెలిసి, ఆ మాట చెప్పేశాను. బాపుకు ముందే తెలుసని.

తొడ మీద చెయ్యి ఆగిపోయింది.

"ఎన్ని గంటలకు ఎర్కయింది?"

"ఐదింటికి."

"ఆరింటికి బండి ఉండె."

"ఉండె కాకా."

ఆయన దూది తట్ట దూరం జరిపాడు. "పోలీసులు వచ్చి లచ్చయ్య ఎవలంటే, నేనే అన్న. పరుగెత్తలే. నేనేం చేసిన అని పరుగెత్తాలె? ఠాణల నేను సాలోన్ని, మగ్గం నేస్త అంటే, అయితే నీ పేరు మీద బాయిల ఉన్నోడెవడు అన్నరు. ఒక్క పేరు చెప్పుమన్నరు. చెప్తే ఆడు బతుకడని ఎర్క. చెప్పకుంటే నేను బతుకుతనో లేదో ఎర్కలేకుండె. తక్కిన ఇద్దరు రాలే. నేనొచ్చిన. గదే నేను చేసిన తప్పు." తిరిగిన వేళ్లు చూపించి అన్నాడు. "పోలీసోల్లు ఏలు ఇరిచిండ్రు. ఊరోల్లు నా మొఖం మీద తలుపేసిండ్రు. మా తమ్ముడు నాతోని మాట్లాడుడు బంద్ జేసిండు. నా పెండ్లాం తల్లిగారింటికి పోయి మళ్ల రాలే. మీ బాపు ఏం జేసిండో ఎర్కనా? నేను ఊరిడిసే ముందు దసరాకు వచ్చి, జమ్మాకు నా చేతుల పెట్టి, కావలిచ్చుకొని అలాయ్ బలాయ్ తీస్కున్నడు. నలుగురు సూస్తుండ్రు. వీడు నా పేరు చెప్పలేదని ఒక్క మాట అనలే. రైలు ఎక్కకుంటే ఎక్కకపాయె, భయ్యమైంది. గీ మాటకేం భయ్యం?"

చెప్తే పని పోతుందని అన్నాను. అన్న వెంటనే సిగ్గుపడ్డాను. ఆ పనితోనే నేను తిన్నాను, చదివాను. బాపును నేను చాలా ప్రేమించాను. ఆయన మీద అంత కోపం వచ్చింది మాత్రం ఆ అరుగు మీదే.

సంచిలోంచి బిళ్ల తీసి ఇవ్వబోయాను. ఆయన దాన్ని తిప్పి నంబరు చూసి, నా చేతిలోనే మళ్లీ పెట్టాడు.

"నంబరు వానిది, తీస్కపో. పేరు నాది. గా పేరు ఊర్లె ఇడిసిపెట్టి వచ్చిన. తెచ్చిస్తే గదే తెచ్చియ్యి."

"నువ్వే వచ్చి చెప్పు కాకా. నేను తోల్కపోత."

"నేను చెప్తే నమ్ముతరా? నీ బాపు చెప్పాలె. ఆడు లేడు, నువ్వున్నవు."

నన్ను తినమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. నేను లేచేటప్పుడు మాత్రం ఒక వత్తుల కట్ట కాగితంలో చుట్టి, "మీ బాపు కాడ పెట్టు," అన్నాడు.

ఒంటి గంటకు కరీంనగర్ బస్సు దొరికింది. నిర్మల్, కోరుట్ల, జగిత్యాల మీదుగా. జీరో టికెట్ కరీంనగర్‌కే తీసుకున్నాను, ఆ సంగతి దాచను. జగిత్యాల దాటాక అరగంటలో మా ఊరు వస్తుంది. దారంతా నాతో నేను బేరాలాడాను. ముందు ఇంటికి పోయి ఆలోచిద్దాం. ఉత్తరం రాద్దాం. మా చిన్నాన్న కొడుకుకు ఫోన్ చేసి చెప్పిద్దాం. నిర్మల్‌లో బస్సు పావుగంట ఆగితే పావుగంటా బస్సు చుట్టూ తిరిగాను. డ్రైవర్, "ఏందమ్మా, ఏమన్న పోగొట్టుకున్నవా?" అన్నాడు.

ఎన్ని బస్సులు మారానో, ఎన్ని సీట్లు మారానో. ఈ రెండు రోజుల్లో చూసిన ఊళ్లలో లచ్చయ్యది అనదగ్గ ఊరు ఒక్కటీ కనిపించలేదు. తన పేరుతో తను బతకాల్సిన ఊరు ఒక్కటే, అక్కడే ఆయనకు చోటు లేదు. జగిత్యాల వచ్చేసరికి ఆరు దాటింది. మా బాపు స్టేషన్ దాకా నడిచి ఆగిపోయిన వేళ కూడా అదే. నేను లేచి డ్రైవర్ వెనక నిలబడ్డాను.

"నీ టికెట్ కరీంనగర్‌కు గదా?" అన్నాడు కండక్టర్.

"మధ్యల దిగుత. మా ఊరు వస్తున్నది. ఆపుండ్రి."

గ్రంథాలయం బస్సు దిగే చోటే ఉంది. దీపాలు వెలిగించి ఉన్నాయి. లోపల ఏడెనిమిది మంది పేపర్లు చూస్తున్నారు. గోడ మీద మూడు ఫొటోలు, మూడో దానికి నేను వేసిన దండ ఎండిపోయి ఉంది. గుమ్మం దగ్గర కూర్చున్న ముసలాయన తలెత్తి చూశాడు. లచ్చయ్య తమ్ముడు. బాపు ఫొటో పెట్టిన రోజున అందరూ నన్ను పలకరిస్తే, ఈయనొక్కడే మాట్లాడకుండా పోయాడు.

"ఎవల బిడ్డవు?" అన్నాడు, చూపు ఆనక.

"పోశయ్య బిడ్డను కాకా," అన్నాను. లోపలికి నడిచి, మూడో ఫొటో దింపి బల్ల మీద పెట్టాను. పక్కన బిళ్ల పెట్టాను. పేపర్లు చూస్తున్నవాళ్లంతా లేచారు. "కూసోండ్రి. మా బాపు చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది."